ముప్ఫై అయిదున్నర

ఆ ఉదయం మబ్బు ఇళ్ల కప్పుల దాకా దిగి ఆగిపోయింది. కురవదు, కదలదు. అలిగి వచ్చిన చుట్టం గుమ్మంలో నిలబడ్డట్టు లోపలికీ రాదు, వెనక్కీ పోదు. ఆకైనా కదలని ఉక్క. వీధి చివర పొగగొట్టంలోంచి లేచిన పొగ ఎటు పోవాలో తోచక అక్కడక్కడే చుట్టుకుంటోంది.

దర్జీ కొట్టు తలుపు తీసి, ముందు ఆకాశాన్నీ, తరువాత గోడలో ఉన్న గూటినీ చూశాడు. గూడు ఖాళీగా ఉంది. ముప్ఫై ఏళ్లుగా అందులో పడి ఉన్న కాగితపు నమూనాలూ, అరిగిన కత్తెరలూ, బొత్తాల డబ్బాలూ నిన్న సాయంత్రమే తీసి మంచం కిందికి తోశాడు. అక్క వచ్చి "ఆ గూడు పిల్లకు కావాలిట్రా" అన్నది, అంతే. ఈయన తలూపాడు, అంతే. ఆయనకు ఉన్నదంతా ఆ కొట్టూ, వెనక గదీ. పెళ్లి మాట ఎత్తిన వాళ్లకు "కొలతలు కుదరలేదు" అని చెప్పి చెప్పి, అడిగేవాళ్లు కూడా లేని వయసుకు వచ్చాడు.

పిల్ల అంటే అక్క కూతురు. మూడేళ్లు ఈ కొట్లోనే, ఈ బల్ల దగ్గరే కత్తిరింపు నేర్చుకుంది. పది నెలల కిందట ఒక బడి వాళ్లు రెండు వందల నలభై చొక్కాలు కుట్టమని కొలతలన్నీ కాగితం మీద రాసి పంపారు. మేనకోడలు కత్తిరించింది, మేనమామ కుట్టాడు. తీరా తొడిగి చూస్తే ఒక్కటీ ఒంటికి పట్టలేదు. అంగుళం అంగుళం వదులు. పిల్లల భుజాల మీంచి చొక్కాలు జారిపోతున్నాయి. బడి పెద్దాయన నిలదీసినప్పుడు దర్జీ, "చేతకాని చేతికి కత్తెర ఇచ్చానండీ, తప్పు నాదే" అన్నాడు. నాదే అన్నాడు గానీ, ఎవరిదో అక్కడున్న అందరికీ తెలిసింది. మేనకోడలు ఆ పక్కనే ఉంది. కొట్టుకు వచ్చి, కత్తెరను గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. అప్పటినుంచి వాళ్లిద్దరికీ మాటల్లేవు.

ఇప్పుడు ఆ పిల్లకు ఒక పని దొరికింది. కొత్తగా తయారైన కంప్యూటరు ఆటల్ని జనంలోకి వదలకముందే ఆడి చూసి, ఎక్కడ ఏ తప్పు ఉందో రాసి పంపడం. నెట్ సెంటరులో కూర్చుని పరీక్ష రాసింది. నూట ఇరవై మందిలో నలుగురిని తీసుకుంటే వాళ్లలో తనొకతె. తప్పు పట్టడంలో దిట్ట అని వాళ్లే రాశారు. అయితే సొంత కంప్యూటరు ఉండాలి. అందులో గ్రాఫిక్స్ కార్డుకు ఎనిమిది జీబీ మెమొరీ ఉండాలి, ఒక్కటి తగ్గినా కుదరదు. ఒకటో తారీకు లోపల చూపించాలి. ఇంక ఆరు రోజులు. చేతిలో ఉన్నది యాభై వేలు. ఇంట్లో పెడదామంటే ముందు గదిలో తండ్రి వెల్డింగు పని, రోజంతా నిప్పురవ్వలూ ఇనప రజనూ. వెనక గదిలో మంచం దించితే నడవడానికి దారి ఉండదు. కొట్లో నేల మీద పెడదామంటే వచ్చేవాళ్ల తడికాళ్లు, బల్ల మీదంటే కత్తిరింపుకు చోటు చాలదు. ఉన్నదల్లా ఆ గూడే.

కాసేపటికి బావ వచ్చాడు, వెల్డరు. చేతుల మీద నిప్పురవ్వల మచ్చలు, నోట్లో నువ్వుగింజ నానని మనిషి. వెనకాల కాగితం, పెన్నూ పట్టుకుని కూతురు.

"ఏరా బామ్మర్దీ, గూడు ఖాళీ చేశావట. నీ బొత్తాలన్నీ ఏ గంగలో కలిపావు?"

దర్జీ మెడలో టేపు తీశాడు. "బావా, గూడు కొలుస్తాను. రాసుకోమను."

"ఎవర్ని? నన్నా, నీ ఎదురుగా నిలబడ్డ మేనకోడల్నా?"

"పెన్ను ఎవరి చేతిలో ఉంటే వాళ్లని."

"అమ్మాయ్, మీ మామయ్య పెన్నుతో మాట్లాడుతున్నాడు. విను." వెల్డరు జేబులోంచి ఉక్కు టేపు తీసి ముందుకు చాపాడు. "ఇదిగో, దీనితో కొలవరాదూ? నొక్కామంటే టక్కున లోపలికి పోతుంది. నీ కోపంలా నెలల తరబడి బయట వేలాడదు."

"గేట్లు కొలుచుకో దానితో. నా కొట్లో నా టేపే."

అది పసుపు రంగు గుడ్డ టేపు. పసుపు ఎప్పుడో పోయింది. మెడ చెమట తాగి తాగి మెత్తబడింది. అంకెలు సగం చెరిగినా ఆయన వేలికి అన్నీ తెలుసు. ఆ గూడు ఒకప్పటి కిటికీ. అవతల ఇల్లు లేచాక వెనక మూసేశారు. పైన రాతి పలక, కింద రాతి పలక. గోరంత చెక్కే వీలు లేదు.

"ఎత్తు ముప్ఫై అయిదున్నర సెంటీమీటర్లు. వెడల్పు, లోతు కావలసినంత ఉన్నాయి. ఎత్తే చూసుకోవాలని చెప్పు."

"విన్నావా?" అన్నాడు తండ్రి.

"ముప్ఫై అయిదున్నర. రాశానని చెప్పు నాన్నా."

"మధ్యలో నేనొక తపాలా డబ్బానైపోయాను" అని వెల్డరు బస్సు ఎక్కేదాకా గొణుగుతూనే ఉన్నాడు. బస్సులో కూడా మామా మేనకోడళ్ల మధ్యే కూర్చున్నాడు.

విడిభాగాల దుకాణం ఇరుకు మెట్లెక్కితే పైన. నేల నుంచి కప్పు దాకా అట్టపెట్టెలే, ఒక మనిషి నడిచే సందు. దుకాణదారుకు ముక్కు మీద ఒక కళ్లజోడు, నుదుటి మీద ఇంకొకటి. దూరానికి ఒకటి, స్క్రూలకు ఒకటి.

"ఎంతలో అమ్మా?"

"యాభైలో. ఆటలాడే కంప్యూటరు."

"యాభైలో నడిచేది కావాలా, పరుగెత్తేది కావాలా?"

"పరుగెత్తాలి. గూట్లో కూర్చుని పరుగెత్తాలి" అని కాగితం ఇచ్చింది. నాలుగుసార్లు రాసి, కొట్టేసి, మళ్లీ రాసిన కాగితం. ఆయన ముక్కు మీది జోడు నుదుటి మీదికీ, నుదుటిది ముక్కు మీదికీ మార్చి చదివాడు.

"బాగా రాశావమ్మా. ఎక్కడ తగ్గించాలో ఎక్కడ తగ్గించకూడదో తెలిసినట్టే ఉంది. ప్రాసెసరు మధ్యరకం, సరే. ర్యాము సరే. కానీ ఈ ఎత్తులో ఇమడాలంటే ఇదిగో ఈ బుల్లి క్యాబినెట్ ఒక్కటే." పుస్తకాల సంచి అంత డబ్బా దించాడు. "దీనికి బుల్లి మదర్‌బోర్డు, బుల్లి పవర్ సప్లై. మామూలు వాటికంటే రెండింటి ధరా ఎక్కువే."

"పిట్ట కొంచెం, ధర ఘనం" అన్నాడు వెల్డరు. "ఇనుము తగ్గితే ధర తగ్గాలి గదండీ?"

"చిన్నది చెయ్యడమే కష్టం బాబూ."

దర్జీ బావ వైపు తిరిగాడు. "నిజమే చెప్తున్నారాయన. చంటిపిల్ల గౌనుకు గుడ్డ తక్కువ, చాకిరీ ఎక్కువ."

దుకాణదారు లెక్క వేశాడు. బుల్లివాటితో కలిపితే ఎనిమిది జీబీ కార్డుకు మూడు వేలు తక్కువ పడ్డాయి. వాడిన కార్డొకటి చూపించాడు. ఆ పిల్ల దాని ఫ్యానును వేలితో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విని, తిరిగి ఇచ్చేసింది. "దీన్ని ఎవరో గానుగెద్దులా తిప్పారండీ. ఇరుసు ఊగుతోంది." దుకాణదారు కాదనలేదు. పోనీ పవర్ సప్లై పేరులేనిది వేసుకుంటే మూడు వేలు మిగులుతాయన్నాడు. పిల్ల పెన్ను కొరుకుతూ నిలబడింది.

"బావా, చెప్పు" అన్నాడు దర్జీ. "దారం దగ్గర పిసినారితనం చేస్తే, గుడ్డ పట్టుదైనా నడివీధిలో కుట్టు విడుతుంది."

"నాన్నా, చెప్పు. నేనూ అదే అనుకున్నాను. వద్దు."

దుకాణదారు ముగ్గుర్నీ మార్చి మార్చి చూశాడు. ఏ ఇంట్లోనైనా ఇంతే కాబోలనుకుని, ఇంకో క్యాబినెట్ దించాడు. ఇందాకటిదాని కంటే పెద్దది, అయినా ఒళ్లో పట్టేదే. "ఇదైతే చౌక. బోర్డూ, పవర్ సప్లై మామూలువే పడతాయి. ఎనిమిది జీబీ కార్డు వేసినా యాభై దాటదు. ఎత్తు ముప్ఫై ఆరు."

"మాది ముప్ఫై అయిదున్నర."

"అర సెంటీమీటరేనా? గోడ కాస్త చెక్కించుకోండి."

"పైనా కిందా రాతి పలకలండీ" అన్నాడు వెల్డరు.

ఆ పిల్ల అక్కడి ముక్కాలిపీట మీద కూర్చుంది. అర సెంటీమీటరు. బియ్యపు గింజంత. కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని ఎనిమిది కొట్టేసి నాలుగు వేసింది. నాలుగు జీబీ కార్డుతో పని ఇవ్వరని అందరికంటే ఎక్కువ ఆమెకే తెలుసు. అయినా, "బుల్లిదే ఇవ్వండి. నాలుగు జీబీది పెట్టండి. వాళ్లను బతిమాలి చూస్తాను" అంది. ఆ మాట అన్నప్పుడు మొహం పది నెలల కిందట కత్తెర దించిన రోజున ఉన్నట్టే ఉంది. ఏ తడీ లేదు.

దర్జీ ఆ మొహం చూశాడు. ఏం చెయ్యాలో చేతులకు తోచలేదు. చేతులకు తోచనప్పుడు ఆయన ఎప్పుడూ చేసే పనే చేశాడు. మెడలో టేపు తీసి, ఎదురుగా ఉన్న రెండో డబ్బా ఎత్తు కొలిచాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. తరువాత తల ఎత్తాడు.

"ఏమండీ, ఇది ముప్ఫై అయిదే."

"ముప్ఫై ఆరండీ. అట్ట మీద రాసుందిగా."

"అట్ట మీద ఎన్నయినా రాస్తారు. వస్తువు మీద ముప్ఫై అయిదు. నలభై ఏళ్లుగా కొలతలే నా తిండి, నాకు చెప్తారా?"

దుకాణదారు సొరుగులోంచి ఉక్కు స్కేలు తీసి డబ్బాకు ఆనించాడు. ముప్ఫై ఆరు. వెల్డరు తన టేపు లాగాడు. ముప్ఫై ఆరు. ఆ తరువాత దుకాణదారు ఆ గుడ్డ టేపు కొస పట్టుకుని, బల్ల మీద ఉక్కు స్కేలు పక్కన పరిచాడు. మొదట్లో రెండూ కలిసే నడిచాయి. పదికి వచ్చేసరికి గుడ్డ టేపు గింజలో సగం ముందుకు పోయింది. ముప్ఫై అయిదు దగ్గర చూస్తే కింద ఉక్కు స్కేలు మీద ముప్ఫై ఆరు ఉంది.

"సాగిందండీ" అన్నాడు దుకాణదారు మెల్లగా. "గుడ్డ గదా. లాగి లాగి సాగింది."

"ఓరి బామ్మర్దీ!" అన్నాడు వెల్డరు. "ఇన్నాళ్లూ ఊరందరి నడుముల్నీ తగ్గించి చెప్తున్నావన్నమాట. అందుకే నీ దగ్గరికి ఆడాళ్లు అంతలా ఎగబడేది!"

దర్జీ నవ్వలేదు. సాగిన టేపుతో కొలిచి, ఆ సాగిన టేపుతోనే గుడ్డ కత్తిరిస్తే తప్పు తప్పును మింగేస్తుంది, బట్ట ఒంటికి అతికినట్టు కుదురుతుంది. అందుకే ఎవరూ ఏనాడూ ఏమీ అనలేదు. ఆయన అంతవరకే ఆలోచించాడు. ఆ తరువాతి మాట మనసులోకి రాబోతుండగా మేనకోడలు పీట మీంచి లేచింది.

"మామయ్యా, ఆ గూడు దేనితో కొలిచావు?"

పది నెలల తరువాత, మధ్యలో తపాలా డబ్బా లేకుండా, నేరుగా.

"దీనితోనే."

"ఇదీ దీనితోనే కొలిచావు గదా. నీ టేపుకు ఇది ముప్ఫై అయిదు. నీ టేపుకు గూడు ముప్ఫై అయిదున్నర." ఆమె డబ్బా మీద అరచెయ్యి వేసింది. "పడుతుంది."

వెల్డరు వేళ్ల మీద లెక్క పెట్టుకుని, తప్పిపోయి, మళ్లీ మొదలుపెట్టాడు. దుకాణదారు నుదుటి మీది జోడును ముక్కు మీదికి దించి, అప్పటికే అక్కడొకటి ఉన్న సంగతి మరిచి, రెండింటిలోంచీ చూస్తూ, "పడుతుందమ్మా. అర సెంటీమీటరు మిగులుతుంది కూడా" అన్నాడు.

పిల్ల కాగితం మీద నాలుగు కొట్టేసి ఎనిమిది వేసింది.

అప్పుడు, ఇందాక ఆగిపోయిన ఆ మాట దర్జీ మనసులోకి వచ్చింది. బడి చొక్కాల కొలతలు ఆయన టేపు చెప్పినవి కావు. ఎవరో ఎక్కడో సరైన టేపుతో తీసి కాగితం మీద రాసినవి. ఆ కాగితం చూసి, ఈ టేపు పెట్టి ఈ పిల్ల కత్తిరించింది. గీత గీత మీదే నడిపింది. ఒకవైపు తప్పే ఉంది, దాన్ని మింగడానికి రెండో తప్పు లేదు. రెండు వందల నలభై చొక్కాలు.

సామాను సంచుల్లో సర్దుతున్నారు. ఆయన అలాగే నిలబడి ఉన్నాడు. తరువాత, బావ వింటున్నాడని, దుకాణదారు వింటున్నాడని తెలిసీ, "అమ్మాయ్, బడి చొక్కాలు నువ్వు సరిగ్గానే కత్తిరించావు" అన్నాడు.

"తెలుసు."

"టేపు సంగతి తెలుసా?"

"టేపు సంగతి తెలీదు. సరిగ్గా కత్తిరించానని తెలుసు" అని సంచి అందుకుంది. వెల్డరు ఏదో అనబోయి, బావమరిది మొహం చూసి, రెండో సంచి ఎత్తుకున్నాడు.

బస్టాండు పక్కన దర్జీ సామాన్ల కొట్టు కనబడితే దర్జీ ఆగి, ఉక్కు స్కేలుతో సరిచూపించుకుని మరీ కొత్త టేపు కొన్నాడు. పాతదాన్ని మురిక్కాలవలో పడేయబోతుంటే మేనకోడలు చెయ్యి పట్టుకుంది.

"అది పారేస్తే ఎలా? నీ కొలతల పుస్తకమంతా దానితో రాసిందే. రేపు పాతవాళ్లెవరైనా వచ్చి అదే కొలతకు కుట్టమంటే, కొత్తదానితో కత్తిరిస్తే బిగిసి చస్తారు."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, పాతదాన్ని జేబులో పెట్టుకున్నాడు. "పుస్తకానికి పాతది. కాగితాలకు కొత్తది" అన్నాడు.

"తప్పుడు సాక్ష్యానికి కూడా పని దొరికింది" అన్నాడు వెల్డరు. అక్కడ మాత్రం ముగ్గురూ నవ్వారు.

కొట్టుకు వచ్చాక ఆ పిల్ల కత్తిరింపు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి సామానంతా వరసగా పెట్టుకుంది. ప్రాసెసరును పువ్వును పట్టుకున్నట్టు అంచులతో పట్టి దాని చోట కూర్చోబెట్టింది. స్క్రూలు సగం సగం బిగించి, అన్నీ పడ్డాకే చివరికంటా తిప్పింది. దర్జీ ఆ చేతుల్ని చూస్తూ నిలబడ్డాడు. ముందు వదులుగా టాకా వేసి, చూసుకుని, అప్పుడు కుట్టు వెయ్యమని ఆయన నేర్పిన పద్ధతే అది.

"మామయ్యా, లైటు కాస్త ఇటు పట్టు."

పట్టాడు. కాసేపటికి, "ఈ కొట్లో నూగెక్కువ. గాలి పోయే చోట పలుచని గుడ్డ కుడితే?" అన్నాడు.

"గుడ్డయితే ఊపిరాడదు. వేడెక్కిపోతుంది."

"దోమతెర గుడ్డ?"

ఆమె తల ఎత్తి చూసింది. "అదైతే బాగుంటుంది."

ఆయన దోమతెర ముక్క కొత్త టేపుతో కొలిచి కత్తిరించి, అంచు మడిచి కుట్టి, నాలుగు మూలలా అయస్కాంతం బిళ్లలు పెట్టాడు. వెల్డరు బిళ్లలు తన వెల్డింగు గది నుంచే తెచ్చాడు కాబట్టి సగం కంప్యూటరు తనదేనన్నాడు.

మామా మేనకోడళ్లు చెరోవైపు పట్టి డబ్బాను గూట్లోకి తోశారు. ముందంచు రాతి పలక కిందికి దూరింది. తరువాత నడుము దూరింది. ఎక్కడా రాసుకోలేదు. పూర్తిగా లోపలికి పోయాక పైన ఒక అట్టముక్క దూరేంత సందు మిగిలింది, వెనక గాలికి జానెడు చోటు. మీట నొక్కితే లోపల ఫ్యాన్లు సన్నగా లేచాయి. పని ఇచ్చేవాళ్లు పంపిన పరీక్ష ప్రోగ్రాం ఒకటి ఆ పిల్ల నడిపింది. తెర మీద గీత పాకుతూ పాకుతూ చివరికంటా వచ్చి, అన్నీ సరిపోయాయని ఆకుపచ్చగా చూపించింది. ఆమె దాన్ని ఫొటో తీసి పంపింది. కాసేపటికే ఒకటో తారీకు పొద్దున తొమ్మిదికి రమ్మని జవాబు వచ్చింది. రావడమంటే ఈ బల్ల ముందు కూర్చోవడమే.

ఆమె జవాబును రెండుసార్లు చదివి, కుర్చీలో వెనక్కి వాలింది.

దర్జీ బల్ల మీది నూగు చేత్తో తుడుస్తూ, "రేపు బడికి వెళ్లి వస్తాను" అన్నాడు.

"ఇప్పుడెందుకు మామయ్యా? ఆ బేరం ఎప్పుడో పోయింది."

"బేరం కోసం కాదు. అప్పుడు నీ పేరు పెట్టి వచ్చాను అక్కడ. అది తీసేసి నా పేరు పెట్టి రావాలి."

"నీ పేరు ఎత్తలేదుగా వాడు. చేతకాని చెయ్యి అన్నాడంతే" అన్నాడు వెల్డరు కూతురికి సర్దిచెప్పబోతూ.

"అదే పేరు" అన్నాడు దర్జీ.

మేనకోడలు తెర వైపు తిరిగి చాలాసేపు చూసింది, అందులో చూడవలసింది ఏమీ లేకపోయినా. తరువాత లేచి ముక్కు తుడుచుకుని, "నేనూ వస్తాను. నువ్వు చెప్తుంటే నాకు వినాలనుంది" అంది.

"రా" అన్నాడు.

అప్పటికి అక్క వచ్చింది, చేతిలో నాలుగు గిన్నెల క్యారియరుతో. లోపలికి వస్తూనే గూటినీ, తమ్ముణ్నీ, కూతుర్నీ చూసింది. ఏమైందని అడగలేదు. మొహాలు చదవడం వచ్చిన మనిషి. బల్ల మీద చోటు లేకపోతే నేల మీదే కాగితాలు పరిచింది. నలుగురూ గుండ్రంగా కూర్చున్నారు. మామా మేనకోడళ్లు పక్కపక్కన పడ్డారు, మధ్యలో ఎవరూ లేరు. అక్క అన్నం పెట్టింది, కూర వేసింది. వెల్డరు నోరు తెరిచాడు గానీ భార్య ఆయన కంచంలో ఇంకో గరిటె వేసేసరికి మూశాడు. ఆకలి అందరికీ ఉందని మొదటి ముద్దతో గాని తెలియలేదు. కూర గిన్నె చేతులు మారుతూ తిరిగింది. మేనకోడలు మామయ్య చెంబులో నీళ్లు అయిపోవడం చూసి నింపింది. ఆయన తాగి, మళ్లీ అన్నం కలుపుకున్నాడు.